లెపే ఫాదర్ బడి, మన తెలుగు వాక్యం

వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పడం నేర్పే కోర్సుల్లో షార్ల్ మిషెల్ ద లెపే పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. బధిరుల కోసం ఉచిత బడి పెట్టిన తొలితరం వాళ్లలో ముఖ్యుడు, పారిస్ మతగురువు. అంతే. మాట నిజమే కానీ, గుంటూరు జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఏ భవిత కేంద్రంలోనో, విజయవాడలో ఏ ప్రత్యేక పాఠశాలలోనో రోజూ పిల్లల ముందు నిలబడే టీచరుకు ఆ ఒక్క వాక్యం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆయన దేన్ని పట్టుకున్నాడు, ఎక్కడ జారాడు అన్నది విడమరిచి చూస్తే మాత్రం చాలా ఉపయోగం ఉంది. ఆయన జారిన చోటే మన తరగతులు ఇప్పటికీ జారుతున్నాయి.

లెపే 1712 నవంబరు 24న వెర్సాయ్‌లో పుట్టాడు. తండ్రి రాజుగారి కట్టడాల కొలువులో ఉండేవాడు. కొడుకు మతగురువు కావాలనుకున్నాడు. ఆ రోజుల్లో జాన్సెనిజం అనే మతధోరణిని ఖండిస్తూ సంతకం పెడితే గానీ దీక్ష ఇచ్చేవారు కాదు. ఈయన పెట్టనన్నాడు. దాంతో న్యాయశాస్త్రం చదివి వకీలయ్యాడు. తర్వాత త్రువా బిషప్పు పిలిచి దీక్ష ఇచ్చాడు గానీ, ఆ బిషప్పు పోయాక పారిస్‌లో ఈయనకు పాపసంకీర్తనం వినే అధికారం కూడా లేకుండా చేశారు. పెద్ద పదవులకు దారి మూసుకుపోయింది. చేతిలో మిగిలింది సొంత ఆస్తి మీద వచ్చే రాబడి, బోలెడంత తీరిక.

1760 ప్రాంతంలో, యాభయ్యో పడికి దగ్గరవుతుండగా, ఒక ఇంటికి ఏదో పని మీద వెళ్లాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు కుట్టుపని చేసుకుంటున్నారు. పలకరిస్తే తలెత్తలేదు. తల్లి వచ్చి, ఇద్దరికీ వినిపించదని చెప్పింది. వానిన్ అనే ఫాదర్ అంతకుముందు ఆ పిల్లలకు బొమ్మలు చూపించి దైవసంగతులు చెబుతూ ఉండేవాడు, ఆయన చనిపోయాడు. ఆ పని తాను తీసుకుంటానన్నాడు లెపే. ఆయన్ని అందులోకి దింపింది భాషాశాస్త్రం మీద ఆసక్తి కాదు, దేవుడి మాట చేరకుండానే ఈ పిల్లలు బతుకు వెళ్లదీస్తారేమోనన్న బెంగ. ఆ బెంగ ఉంది కాబట్టే తర్వాతి తీర్మానాలన్నీ అలా వచ్చాయి. డబ్బు తీసుకోకపోవడం, పేద పిల్లల్ని కాదనకపోవడం, పద్ధతిని దాచకపోవడం.

దాచకపోవడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అప్పటి పోటీదారుల్ని చూడాలి. పారిస్‌లోనే జాకబ్ రోడ్రిగ్ పెరైరా 1749లో తన విద్యార్థిని సైన్సు అకాడమీ ముందు మాట్లాడించి పేరు తెచ్చుకున్నాడు. ఎడిన్‌బరోలో థామస్ బ్రెయిడ్‌వుడ్ 1760లో బడి పెట్టాడు. ఇద్దరూ నోటి మాట నేర్పినవాళ్లే, ఇద్దరూ పద్ధతిని కుటుంబ రహస్యంగా కాపాడుకున్నవాళ్లే. ఇద్దరి దగ్గరా చదివింది ఎక్కువగా కలిగినవాళ్ల పిల్లలే. లెపే ర్యూ దె ములాఁ వీధిలో సొంత ఇంట్లోనే బడి పెట్టాడు. మంగళవారం, శుక్రవారం పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా పాఠాలు. 1771 నుంచి ఎవరైనా వచ్చి చూసేలా బహిరంగ ప్రదర్శనలు పెట్టాడు. 1776లో పద్ధతినంతా పుస్తకంగా అచ్చు వేశాడు, 1784లో దాన్ని సవరించి మళ్లీ వేశాడు. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో జోసెఫ్ 1777లో వచ్చి చూసి, ఒక గురువును నేర్చుకోవడానికి పంపించాడు. 1779లో వియన్నాలో బడి మొదలైంది. ఏ గుట్టూ లేకపోవడం వల్లనే యూరప్ అంతా ఈ పని పాకింది.

ప్రదర్శన రోజుల్లోనే ఒక కొత్త మనిషి వచ్చి స్పానిష్ పుస్తకం ఒకటి అమ్మజూపాడు. 1620లో హువాన్ పాబ్లో బోనెత్ వేసిన పుస్తకమది. అందులో ఒంటిచేత్తో చూపే అక్షరమాల బొమ్మలున్నాయి. లెపే దాన్ని కొని, చదవడానికే స్పానిష్ నేర్చుకున్నాడు. అరవైకి దగ్గర పడుతున్న వయసులో ఒక పాఠం కోసం కొత్త భాష నేర్చుకున్నాడు! ఈ వృత్తిలో ఉన్నవాళ్లం ఆయనకు మొక్కాల్సింది ముందు ఇందుకు.

పాఠం ఎలా నడిచేదంటే, ముందు వేళ్ల అక్షరాలు. తర్వాత బల్ల చుట్టూ పిల్లల్ని నిలబెట్టి ఒక క్రియ. ఆయన ఎంచుకున్నది 'మోయు'. పెద్ద పుస్తకం ఒకటి తెచ్చి ఒక పిల్లవాడి చేత చంకలో, భుజాన, తల మీద, వీపున మోయిస్తాడు. మోస్తున్న ప్రతి తీరునూ చూశాక బోర్డు మీద 'నేను మోస్తున్నాను' అని రాస్తాడు. నేను అన్నచోట ఆ పిల్లవాడి చేత తన రొమ్మునే చూపించుకోమంటాడు. నువ్వు, అతను, మేము వరసగా వస్తాయి. కళ్ల ముందు జరిగిన పనికి రాత అంటిపెట్టుకుంటుంది. ఇంతవరకు ఇవాళ్టికీ వంకపెట్టడానికి లేదు.

అక్కడి నుంచి ఆయన ఇంకో మెట్టెక్కాడు. పిల్లలు తెచ్చుకున్న సైగల్లో ఫ్రెంచి వ్యాకరణం కనిపించలేదు. అది లోపమనుకుని దాన్ని సైగల్లోకి ఎక్కించాడు. వాటిని పద్ధతి ప్రకారం చేసిన సైగలు అన్నాడు. పుంలింగానికి చెయ్యి టోపీ అంచు దగ్గరికి, స్త్రీలింగానికి ఆడవాళ్ల తలగుడ్డ ఆగే చెవి దగ్గరికి. గతకాలానికి చేతిని భుజం మీదుగా వెనక్కి విసరడం. ఫ్రెంచిలో భూతకాలాలు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి ఒకదానికి ఒక విసురు, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు. 'నమ్ముతున్నాను' అనే ఒక్క మాటకు వరస చూడండి. నేను అనే సైగ, మనసు అవునంటోంది, గుండె అవునంటోంది, నోరు అవునంటోంది, కళ్లతో మాత్రం చూడలేదు, ఆ పైన వర్తమానకాలం గుర్తు. ఇన్ని కలిస్తే ఒక క్రియ.

దీనివల్ల ప్రదర్శనలు అద్భుతంగా పండాయి. టీచరు ఈ సైగలు వరసగా చేస్తే పిల్లలు ఫ్రెంచి, లాటిన్ వాక్యాలు ఒక్క విభక్తి తప్పకుండా రాసేవారు. చూసేవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. కానీ ఆ వాక్యం రాయడానికి దాని భావం తెలియాల్సిన పనే లేదు. ఫలానా విసురుకు ఫలానా అక్షరాలు అని గుర్తుంటే చాలు. అది ఎత్తిరాత. ఈ సంగతి లెపేకు తెలియక కాదు. తర్వాత తన స్థానంలోకి వచ్చిన సికార్‌కు ఒక ఉత్తరంలో ఆయనే రాశాడు: ఈ పిల్లలు తమ ఆలోచనల్ని రాతలో పెట్టగలరని ఆశపడొద్దు, మన భాష వాళ్లది కాదు, వాళ్ల భాష సైగలే, అని. రోగం పట్టుకున్నాడు. మందు మాత్రం చేతికి చిక్కలేదు.

మందు ఆ ఊళ్లోనే ఉంది. ఏడేళ్ల వయసులో మశూచి వల్ల వినికిడి పోయిన పియెర్ దెలోజ్ అనే పనివాడు పుస్తకాలు కుడుతూ, సామాన్లకు కాగితాలు అతికిస్తూ బతికేవాడు. 1779లో అతను ఒక పుస్తకం వేశాడు. పారిస్‌లో బడి మొహం చూడని బధిరులు కూడా తమలో తాము అన్ని విషయాలూ, రాజకీయం దగ్గర్నుంచి రోజువారీ పనుల దాకా, సైగల్లోనే మాట్లాడుకుంటారని అందులో రాశాడు. అంటే లెపే బడి పెట్టకముందే అక్కడ పూర్తి భాష ఒకటి ఉంది. బడి పిల్లలు కూడా వారానికి రెండు పూటలే లెపే దగ్గర. మిగతా రోజులన్నీ వసతి ఇళ్లలో ఒకరితో ఒకరు. వాళ్ల అసలు భాష అక్కడే చిక్కబడింది. బడిలో చేసే సైగ వేరు, బయట మాట్లాడుకునే సైగ వేరు అయిపోయాయి. 1817లో ఆ సంస్థలోనే పనిచేసే ఒగ్యూస్త్ బెబియాన్ ఈ తేడాను అచ్చులో పెట్టాడు. పాఠం పిల్లల సొంత సైగల్లో చెప్పాలి, ఫ్రెంచిని విడిగా రాతలో నేర్పాలి అన్నాడు. పద్ధతి సైగలు అక్కడి నుంచి మెల్లగా మూలపడ్డాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగులో లింగం గుర్తుకు టోపీ పట్టుకోవాల్సిన పని లేదు కానీ, మనకున్న చిక్కు విభక్తులు. 'రాము సీతకు పుస్తకం ఇచ్చాడు' అన్న వాక్యాన్ని కొన్ని తరగతుల్లో ఇలా చేయిస్తారు: రాము, సీత, గాలిలో వేలితో 'కు', పుస్తకం, ఇవ్వడం, మళ్లీ గాలిలో 'చాడు'. అచ్చం లెపే చేసిన పనే. భారతీయ సంజ్ఞా భాషలో ఇవ్వడం అనే సైగకు దిశ ఉంటుంది. చెయ్యి ఇచ్చేవాళ్ల వైపు నుంచి పుచ్చుకునేవాళ్ల వైపు కదులుతుంది. 'కు' ఆ కదలికలోనే ఉంది. దాన్ని విడిగా రాస్తే పిల్లవాడికి ఒక అర్థం రెండుసార్లు వస్తుంది, రెండోది దేనికో తెలియదు. కాలం సంగతీ అంతే. నిన్న, రేపు అన్న సైగ వాక్యం మొదట్లో పడితే ఆ మాటంతా ఆ కాలంలోదే. ప్రశ్నపదం చివర్లో వస్తుంది, ముఖం దానికి తోడవుతుంది. ఇదొక పూర్తి వ్యాకరణం. దాని మీద తెలుగు ప్రత్యయాలు అతికిస్తే రెండూ చెడతాయి.

పిల్లల నోటుపుస్తకాల్లో వచ్చే తప్పులు ఊరికే రావు. 'ఇల్లుకు వెళ్లాను' అని రాస్తారు. వినే పిల్లవాడు బడికి వచ్చేలోపే 'ఇంటికి' అన్న మాట లెక్కలేనన్నిసార్లు విని ఉంటాడు, ఇల్లు అనేది ఇంటిగా మారుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. వినని పిల్లవాడికి అది ఎక్కడో ఒకచోట కళ్లతో తగలాలి. 'నేను ఆకలి', 'నేను జ్వరం' అని రాస్తారు, ఎందుకంటే సైగలో అది సరైన వాక్యమే. తెలుగే ఇక్కడ 'నాకు' అంటుంది. 'అమ్మ వచ్చాడు' అని రాస్తే అది నిర్లక్ష్యం కాదు, క్రియ చివర మనిషిని బట్టి మారుతుందన్న సంగతి ఇంకా అందలేదని. ఎర్ర సిరాతో కొట్టేస్తే ఇవి పోవు.

వాక్యం ఎక్కించే వరస ఇలా ఉంటే నిలుస్తుంది. ముందు పని జరగాలి: ఒక నిమ్మకాయను సంచిలో వేయండి. ఏం జరిగిందో పిల్లలు సైగల్లో చెప్పాలి, ఆ సైగల్ని దిద్దకూడదు. ఇద్దరు ముగ్గురు చెప్పాక బోర్డు మీద ఒకే వాక్యం రాయండి: నిమ్మకాయ సంచిలో ఉంది. రాస్తున్నంతసేపూ సైగ చేయకండి. కళ్లు ఒక్కచోటే ఉంటాయి, బోర్డునూ చేతినీ కలిపి చూడలేవు. రాయడం అయ్యాక పక్కకు తప్పుకుని, చదవడానికి సమయమిచ్చి, అర్థాన్ని పిల్లల్ని సైగల్లో చెప్పమనండి. మాటకు మాట కాదు, మొత్తం భావం. తర్వాత 'లో' మీద కాగితం ముక్క పెట్టి మూసి, కాయను బల్ల మీదికి మార్చి, ఇప్పుడు ఏం రావాలని అడగండి. చివర్లో, కాయ, సంచీ పక్కన పెట్టేసి, పెన్సిలు, డబ్బా లాంటి కొత్త వస్తువులతో వాళ్లంతట వాళ్లే ఒక వాక్యం రాయాలి. ఈ ఆఖరి అడుగు వదిలేస్తే మళ్లీ ఎత్తిరాతే.

విభక్తుల వరసలో ముందు కంటికి కనిపించేవి: లో, మీద, కింద. తర్వాత వెళ్లడం, ఇవ్వడంతో కి, కు. ఆ పైన నుంచి. గుంటూరు నుంచి తెనాలికి, తెనాలి నుంచి విజయవాడకు అని గోడ మీద గీసిన రైలు దారిలో వేలు నడిపిస్తే కి, నుంచి జతగా పడతాయి. 'తో'ను రెండు పాఠాలు చేయాలి. 'చెంచాతో తిన్నాడు', 'అన్నతో వెళ్లాడు' సైగల్లో ఒకటి కావు. ఆ తర్వాత నాకు, నీకు, ఆకలి, దాహం, కావాలి. 'ను, ని' ఆఖరికి ఉంచండి. ప్రాణం లేని వస్తువుకు మనమే దాన్ని చాలాసార్లు వదిలేస్తాం, 'పుస్తకం ఇచ్చాడు' అంటాం. నియమం నిలకడగా లేనిదాన్ని ముందు పెడితే పిల్లవాడు అన్నిటినీ అనుమానిస్తాడు. ఒక్కోదానికి పది పదిహేను రోజులు పట్టినా పర్లేదు. ఇల్లు, ఊరు, చెయ్యి, నీళ్లు లాంటి మాటలకు మాత్రం కార్డుకు ఒక వైపు 'ఇల్లు', ఇంకో వైపు 'ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి' రాసి గోడకు కట్టి ఉంచాలి.

అర్థమైందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. 'పిల్లి కుక్కను తరిమింది' అని రాసి, రెండు బొమ్మలిచ్చి చేసి చూపించమనండి. కుక్క పిల్లిని తరిమినట్టు చూపిస్తే, పిల్లవాడు మాటలు మాత్రమే గుర్తుపట్టి లోకంలో జరిగేదాన్ని చూపిస్తున్నాడని తెలుస్తుంది. 'ను' ఇంకా అతనికి ఏమీ చెప్పడం లేదు. ఇలాంటి తలకిందుల వాక్యాలు వారానికి నాలుగైదు ఇస్తే సరిపోతుంది. లెపే ప్రదర్శనల్లో ఎవరూ ఈ పరీక్ష పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ లాటిన్ విభక్తుల మర్మం ఆ రోజే బయటపడేది.

నోటి మాట ఒక్కటే చాలు అనేవాళ్లకు ఒక మాట. చెవి మిషను, కాక్లియర్ ఇంప్లాంటు తొందరగా అందితే మాట వచ్చే పిల్లలున్నారు. పుట్టిన మొదటి నెలలోపు చెవుల పరీక్ష, మూడు నెలలకల్లా బెరా (శబ్దానికి మెదడు స్పందనను కొలిచేది) లాంటి పరీక్షతో నిర్ధారణ, ఆరు నెలలకల్లా శిక్షణ మొదలు కావాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. ఆ దారిని వదలమనడం లేదు. కానీ పెదవులు చూసి అర్థం చేసుకోమంటే తెలుగులో ఏమవుతుందో అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా అని చూడండి: పాట, బాట, మాట. పెదవుల మీద మూడూ ఒకటే. పాప, మామ ఒకటే. క, గ లోపలెక్కడో పుడతాయి, అసలు కనిపించవు. సందర్భం తెలిసినవాడు ఊహిస్తాడు. ఆ ఊహకు ముందే ఒక భాష వచ్చి ఉండాలి, దాన్ని అయిదేళ్లలోపు సైగలు ఇవ్వగలవు. 1880లో మిలాన్‌లో టీచర్ల మహాసభ సైగల్ని పక్కకు పెట్టి మాటకే ఓటేసింది. ప్రతినిధులు 164 మంది అయితే వారిలో బధిరుడు ఒక్కడు. ఆ తీర్మానం వల్ల బళ్లలోంచి బధిర టీచర్లు వెళ్లిపోయారు. 2010లో వాంకూవర్ మహాసభ దానికి విచారం తెలిపే నాటికి 130 ఏళ్లు గడిచాయి.

లెపే ఆఖరి రోజుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దారిలో దొరికిన ఒక బధిర బాలుణ్ణి సోలార్ ప్రభువంశపు వారసుడని నమ్మి ఏళ్ల తరబడి కోర్టులో పోరాడాడు. 1781లో గెలిచిన ఆ తీర్పును ఆయన పోయాక 1792లో కొట్టేశారు. 1788 చలికాలంలో పిల్లల ఖర్చు కోసం తన గదిలో కట్టెలు కాల్చకుండా ఉన్నాడని శిష్యుల తరాలు చెప్పుకునేవి. 1789 డిసెంబరు 23న, విప్లవం మొదలైన ఏడాదిలోనే, చనిపోయాడు. 1791లో ఫ్రాన్స్ జాతీయ సభ ఆ బడిని ప్రభుత్వ బాధ్యతగా తీసుకుంది. 1794లో అది ర్యూ సాఁ జాక్ వీధికి మారింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఆ బడి నుంచి బయటికొచ్చిన మనుషులే ఆయన పనిని సరిదిద్దారు. ఆరుగురు తోబుట్టువులూ బధిరులైన ఇంటి నుంచి వచ్చిన జాఁ మాసియూ అక్కడే టీచరయ్యాడు. అతని దగ్గర చదివిన లొరాఁ క్లేర్ 1816లో, బధిరులకు బోధించడం నేర్చుకోవడానికి అమెరికా నుంచి వచ్చిన గాలొడెట్‌తో కలిసి అమెరికాకు ఓడెక్కాడు. ముందు బ్రెయిడ్‌వుడ్ బడుల చుట్టూ తిరిగి, రహస్యం చెప్పేది లేదన్నవాళ్ల దగ్గర విసిగి పారిస్‌కు చేరినవాడు గాలొడెట్. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరుచుకుంది. పాఠం చెప్పినవాడు బధిరుడు.

మన దగ్గర ఎక్కువగా లేనిది ఇదే. పిల్లలు రోజంతా చూసేది వినే టీచర్లనే. ఇంటికెళితే అమ్మానాన్నలూ వినేవాళ్లే. పెద్దయిన బధిరులు ఎలా మాట్లాడుకుంటారో చాలామంది పిల్లలకు పదేళ్లొచ్చేదాకా తెలియదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో మొదలైంది. పదివేల మాటల నిఘంటువును సైన్ లెర్న్ అనే యాప్‌లో ఉచితంగా పెట్టింది, బధిరులకే సంజ్ఞా భాష బోధనలో డిప్లొమా నడుపుతోంది. యాప్ మాటలిస్తుంది. కథ చెప్పే తీరు, ముఖం తిప్పే తీరు మనిషి నుంచే రావాలి.

కాబట్టి గుంటూరులో గానీ విజయవాడలో గానీ కేంద్రం నడిపేవాళ్లు శనివారం ఒక గంటను ఊళ్లో ఉండే బధిరులైన పెద్దవాళ్లలో ఒకరికి కేటాయించండి. టైలరు కావచ్చు, ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవారు కావచ్చు. ఊరికే రమ్మనకండి, వచ్చిన గంటకు డబ్బివ్వండి. దారి ఖర్చు వేరే. పిల్లలు ఎనిమిది మందికి మించకుండా అర్ధచంద్రంలో కూర్చోవాలి, చెప్పేవారు ఆరడుగుల దూరంలో, కిటికీకి ఎదురుగా ఉండాలి. వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా పడి సగం వ్యాకరణం పోతుంది. ఒంటి రంగుకు తేడా తెలిసే గళ్లు లేని చొక్కా వేసుకోమని ముందే చెప్పాలి. మొదటి ఇరవై నిమిషాలు కథ, టీచరు కల్పించుకోకూడదు. తర్వాత ఇరవై నిమిషాలు పిల్లలు ఆ కథను వాళ్లవాళ్లుగా తిప్పి చెప్పాలి, ఫోన్లో వీడియో తీసి పెట్టాలి. మిగతా ఇరవై నిమిషాల్లో అమ్మానాన్నలు లోపలికి వచ్చి పిల్లలతో పాటు అయిదు సైగలు నేర్చుకోవాలి: అన్నం, నీళ్లు, నొప్పి, ఎక్కడ, ఎందుకు. సోమవారం పొద్దున ఆ వీడియోలోంచి ఒక్క సంఘటన తీసి, దాన్నే తెలుగులో మూడు వాక్యాలుగా బోర్డు మీద రాయడంతో వారం మొదలుపెట్టండి.